ఆ తలనొప్పి సంగతి

చిరంజీవి చిన్నాకు, నాన్న దీవించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీ అమ్మ గోంగూర పచ్చడి రెండు సీసాలు బుజ్జితో పంపుతోంది. మూతలు నేనే బిగించాను, అయినా సీసాలు నిలబెట్టే ఉంచు. పెరట్లో జామకాయలు పండుతున్నాయి, చిలకలు ఒక్కటీ మిగల్చడం లేదు.

నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. పని ఎక్కువేమో అనుకున్నాను. నిన్న శారద చెప్పింది, నీకు తరచూ తలనొప్పి వస్తోందనీ, మాత్ర వేసుకుని పడుకుంటున్నావనీ. అది మెల్లగా మొదలవుతుందా, ఉన్నట్టుండి వస్తుందా? నీళ్లు సరిగ్గా తాగుతున్నావా? కళ్లజోడు నంబరు మారిందేమో చూపించుకో.

బాబాయి విషయం అప్పట్లో నీకు పూర్తిగా చెప్పలేదు, నీ ఇంటర్ పరీక్షలని. ఆ పొద్దున బావి దగ్గర పళ్లు తోముకుంటుంటే చేతిలో చెంబు జారిపోయింది. మెడ వెనక పట్టుకుని "అన్నయ్యా, సుత్తితో కొట్టినట్టుంది" అంటూ కూలబడి వాంతి చేసుకున్నాడు. వీధి చివర డాక్టరు పార్శ్వనొప్పని ఇంజెక్షన్ ఇచ్చాడు, మేమూ నమ్మాం. మధ్యాహ్నానికి మెడ బిగుసుకుపోయింది, వెలుతురు చూడలేకపోయాడు. అప్పుడు గుంటూరు పరిగెత్తాం. సీటీ స్కాన్‌లో మెదడు చుట్టూ తెల్లగా నెత్తురు. మొదటి గంటల్లో అయితే సీటీలో దాదాపు తప్పకుండా కనిపిస్తుందట. రోజులు గడిస్తే కనిపించకపోవచ్చు, అప్పుడు నడుములో సూది గుచ్చి నీరు తీసి చూడాలట. మేం సగం రోజు పోగొట్టాం, అది తలచుకుంటే నాకిప్పటికీ నిద్ర పట్టదు.

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మందు ఎక్కించి బొమ్మ తీస్తే, నాళం రెండుగా చీలే చోట పెసరగింజంత ఉబ్బు కనిపించింది. అన్యూరిజం అన్నారు. అదే చిట్లింది, మళ్లీ చిట్లితే ప్రాణానికే ముప్పు. పుర్రె తెరిచి క్లిప్పు పెట్టడం ఒక దారి. బాబాయికి మాత్రం ఆ గొట్టంలోంచే సన్నటి ప్లాటినం తీగ చుట్టలు పంపి ఆ ఉబ్బు నింపేశారు. తర్వాత నాళాలు బిగుసుకుని మెదడు దెబ్బతినకుండా 21 రోజులు నిమోడిపిన్, నాలుగు గంటలకోసారి. అర్ధరాత్రి మాత్రకి కూడా పిన్నే అలారం పెట్టుకుని లేచేది. మాత్ర మాత్రకీ క్యాలెండర్ మీద గీత గీసేది, మొత్తం 126. ఆ కాగితం ఇప్పటికీ బీరువాలో ఉంది.

నాయనమ్మ కూడా తలనొప్పని పడుకుని మళ్లీ లేవలేదు కదా, అప్పుడు స్కాన్ ఎక్కడిది! అందుకే, ఇది ఒకే ఇంట్లో మరొకరికీ రావచ్చని డాక్టరు చెప్పగానే నేను ఎమ్మార్ యాంజియో, అంటే మెదడు రక్తనాళాలు చూసే స్కాన్, తీయించుకున్నాను. ఏమీ లేదు, నువ్వు టెన్షన్ పడకు. కానీ సిగరెట్టూ, బీపీ అలాంటి ఉబ్బు రావడానికీ, చిట్లడానికీ దారి తీస్తాయి. నీ చొక్కా ఉతికినప్పుడు వచ్చిన వాసన మీ అమ్మ నాకు చెప్పింది. తలనొప్పి సంగతి చెప్పిందని శారదని ఏమీ అనకు. మానెయ్యి నాన్నా, ఈ వారమే.

ఉన్నట్టుండి, ఎన్నడూ లేనంత నొప్పి వస్తే మాత్ర వేసుకుని పడుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చెయ్యి, నీ రూమ్మేట్‌కీ చెప్పి ఉంచు. మామూలు నొప్పయినా ఒకసారి డాక్టరుకి చూపించుకో. సీసాలు అందగానే ఫోన్ చెయ్యి, బీపీ ఎంతుందో కూడా చూపించుకుని చెప్పు.

మీ నాన్న