చిప్పులో పాట ఎక్కిందని తెర చెబితే చాలదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ధనుర్మాసం దగ్గర పడుతున్నది. మా ఊరి రామాలయంలో తెల్లవారుజామున మైకులో పాశురాలు వేసే బాధ్యత నాలుగేళ్లుగా నా మీద ఉన్నది కనుక, కంప్యూటరులోని పాటలను మెమరీ కార్డులోకి, అంటే మన వాడుకలోని చిప్పులోకి, ఎక్కించడం గురించి మీ పత్రిక పాఠకులతో కొన్ని మాటలు పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. ఒకప్పుడు సెల్లు దుకాణంలో చిప్పు ఇచ్చి కాసేపు నిలబడితే, అక్కడి కుర్రవాడు జీబీకి ఇంత అని పుచ్చుకుని పాటలు నింపి ఇచ్చేవాడు. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆ వ్యాపారం చెల్లేది కాదన్న సంగతి అలా ఉంచితే, పని మాత్రం జరిగిపోయేది. ఇప్పుడు ఫోనులోకి పాటలు నెట్టు ద్వారానే వస్తున్నాయి కాబట్టి ఆ బల్లలు చాలావరకు కనుమరుగయ్యాయి. కానీ గుడి యాంప్లిఫయరుకు, పొలానికి పట్టుకెళ్లే స్పీకరుకు, ఆటోలోని డెక్కుకు, చూపు ఆనని పెద్దవాళ్లు మీట నొక్కి వినే పాటల పెట్టెకు నేటికీ చిప్పే ఆధారం. నింపే కుర్రవాడు లేకపోవడంతో ఆ పని మాబోటి వాళ్ల మీద పడింది.

మొదటి సంవత్సరం జరిగింది చెబుతాను. తిరుప్పావైలో పాశురాలు 30, నెలలో రోజుకొకటి. ఫైళ్లకు 1 నుంచి 30 వరకు అంకెలే పేర్లుగా పెట్టి, అన్నింటినీ ఒక్కసారిగా ఎంచుకుని, మౌసుతో లాగి కార్డులో వేశాను. కంప్యూటరు తెర మీద వరుస చక్కగా కనిపించింది. మొదటి రోజు తెల్లవారకముందే పెట్టె మీట నొక్కితే పన్నెండో పాశురం మోగింది. అర్చకస్వామి గర్భగుడిలోంచి తొంగి చూసి, "మాస్టారూ, నెల మొదలైంది ఇవాళే కదా, అప్పుడే పన్నెండు రోజులు గడిచిపోయాయా?" అన్నారు. ముప్పై అయిదేళ్లు లెక్కలు చెప్పినవాడికి ఒకటి నుంచి ముప్పై దాకా వరుస పెట్టడం రాలేదని ఊరంతా నవ్వుకున్నారు.

తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, కంప్యూటరు తెర ఫైళ్లను అంకెల క్రమంలో పేర్చి చూపిస్తుంది గానీ, ఇటువంటి చవక పెట్టెల్లో చాలావాటికి ఆ పేర్చే తెలివి ఉండదు. కార్డు మీద ఏ ఫైలు ముందు చేరితే దానినే అవి ముందు వినిపిస్తాయి. ఎంచుకున్న గుంపును లాగేటప్పుడు మౌసు ఏ ఫైలు మీద ఉన్నదో, కాపీ సాధారణంగా దానితోనే మొదలవుతుంది. నేను పట్టుకుని లాగింది పన్నెండోదాన్ని. కొన్ని పెట్టెలు పేర్లను బట్టి పేర్చగలవు, అయితే అవి అంకెను అంకెగా కాక అక్షరంగా చదువుతాయి కనుక, 1 తర్వాత 10, 11 వచ్చి, 2 ఎక్కడో వెనకబడుతుంది. అందువల్ల ఇప్పుడు 01, 02 అని సున్నా చేర్చి పేర్లు పెడుతున్నాను, ఖాళీ చేసిన కార్డులోకి మొదటి ఫైలును పట్టుకునే లాగుతున్నాను. పేర్లను తెలుగులో రాస్తే తెర ఉన్న పెట్టెల్లో సైతం తరచు డబ్బాలే కనిపిస్తాయి, ఎందుకంటే వాటిలో మన లిపి ఉండదు. ఇక 64 జీబీ కార్డు పెడితే పెట్టె అసలు పలకకపోవడం మరొక తలనొప్పి. 4 నుంచి 32 జీబీ వరకు కార్డులు ఫ్యాట్32 అనే అమరికలోను, అంతకు మించినవి ఎక్స్‌ఫ్యాట్ అనే అమరికలోను తయారై వస్తాయి. పాత పెట్టెలకు రెండోది అర్థం కాదు. పాటల కోసమే అయితే అంత పెద్ద కార్డుతో పనీ లేదు. 128 కేబీపీఎస్ (సెకనుకు 128 కిలోబిట్లు) ఎంపీ3 నిమిషానికి ఒక ఎంబీ కూడా పట్టదు; అయిదేసి నిమిషాల పాటలు 8 జీబీలో పదహారు వందల దాకా పడతాయి.

పాశురాల సంగతి నవ్వుకుని వదిలేయదగినది. రెండో అనుభవం అటువంటిది కాదు, ఈ లేఖకు అసలు కారణం అదే. మా నాన్నగారు పండరి భజన బృందానికి గురువు. 1980ల చివర శనివారం రాత్రుళ్లు గుడి అరుగు మీద వాళ్లు పాడినవి టేపు రికార్డరులో పట్టిన అరవై నిమిషాల క్యాసెట్లు 22 మా ఇంట్లో ఉన్నాయి. రెండేళ్ల కిందట వాటిని ఒక్కొక్కటిగా మోగిస్తూ, తీగ కలిపి కంప్యూటరులోకి ఎక్కించాను. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, అక్కడ అడ్డదారి లేదు. నాణ్యత తగ్గకూడదని, ఎంపీ3లా కుదించకుండా వేవ్ ఫైళ్లుగానే ఉంచడంతో ఒక్కొక్కటి 600 ఎంబీ దాటి, మొత్తం దాదాపు 14 జీబీ అయ్యాయి. పాత కంప్యూటరు డిస్కు నిండిపోయింది. మా తమ్ముడి కొడుకు చూసి, "కార్డులోకి కట్ చేసెయ్యి పెదనాన్నా, ఖాళీ అవుతుంది" అన్నాడు. బజారులో ఒక దుకాణంలో 64 జీబీ కార్డు రెండు వందలకు తెచ్చాను. ట్రేలో విడిగా ఉన్నవాటిలోంచి తీసి, చిన్న కాగితంలో చుట్టి ఇచ్చారు. బిల్లు నేను అడగలేదు, వాళ్లు ఇవ్వలేదు.

కట్ చేసి పేస్టు చేశాను. పచ్చగీత చివరిదాకా నిండింది. 22 పేర్లూ కనిపించాయి, పరిమాణాలూ సరిపోయాయి. నాలుగు నెలల తర్వాత నాన్నగారి తద్దినం నాడు వినిపిద్దామని పెడితే, పన్నెండు క్యాసెట్లు బాగానే పలికాయి. పదమూడోదానిలో ముప్పై నిమిషాలు దాటాక, ఆయన పైస్థాయిలో అందుకున్న చరణం మధ్యలో తెగిపోయింది. ఆ తర్వాత తాళం లేదు, హార్మోనియం లేదు, ఫైలు మాత్రం మౌనంగా నడుస్తూనే ఉన్నది. పద్నాలుగు నుంచి ఇరవై రెండు వరకు ఫైళ్లు అసలు తెరుచుకోలేదు.

ఆ కార్డు లోపల ఉన్నది 8 జీబీయే. పైన 64 అని అచ్చు వేసి, కంప్యూటరు అడిగినప్పుడు కూడా 64 అనే జవాబిచ్చేలా లోపలి నియంత్రణ చిప్పును మార్చి అమ్ముతారు. అసలు జాగా నిండిన తర్వాత వచ్చిందాన్ని అది పారేస్తుంది, లేదా ఉన్నదాని మీదే రాస్తుంది, రాశానని మాత్రం చెబుతుంది. ఫైళ్ల పేర్ల పట్టిక కార్డు మొదట్లో ఉంటుంది కాబట్టి, విషయసూచిక ఉండి పుటలు లేని పుస్తకంలా పేర్లన్నీ కనిపిస్తాయి. కాపీ చేసేటప్పుడు విండోస్ తాను రాసినదాన్ని తిరిగి చదివి సరిచూడదు. కట్ చేసినప్పుడయితే, కార్డు 'అందింది' అనగానే కంప్యూటరులోని ప్రతిని చెరిపేస్తుంది, అది రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు. కార్డు అబద్ధం చెబుతున్నదని అనుమానించే అవకాశమే ఎక్కడా లేదు.

ఇటువంటి కార్డును కొన్న రోజునే పట్టుకోవచ్చు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములు కార్డును చివరిదాకా నింపి, తిరిగి చదివి, నిజమైన జాగా ఎంతో చెప్పేస్తాయి. క్లాస్ 10 అనే వేగం గుర్తు ఉన్న కార్డు సెకనుకు కనీసం 10 ఎంబీ రాయాలి. ఆ వేగంతో 64 జీబీ నిండడానికి గంటా ముప్పావు, చదవడానికి మరికొంత సమయం పడుతుంది కనుక రాత్రి పెట్టి పడుకోవడం మేలు. ఆ ప్రోగ్రాము లేకపోయినా, పాటలు ఎక్కించాక కార్డును 'ఎజెక్ట్' చేసి, తీసి, మళ్లీ పెట్టి, అన్నిటికన్నా చివర ఎక్కిన నాలుగు పాటలు మధ్యలోంచి వింటే చాలావరకు తెలిసిపోతుంది. మరొక మాట, 8 జీబీ కార్డు తెర మీద 7.4 అని కనిపిస్తే మోసమని కంగారు పడనక్కరలేదు. తయారీదారుల లెక్కలో అది 800 కోట్ల బైట్లు. దానిని విండోస్ 1,024 చొప్పున మూడుసార్లు భాగిస్తుంది. నా విద్యార్థులకు ఈ లెక్క ఇచ్చి ఉండవలసింది.

దుకాణానికి వెళ్లి అడిగితే, విడి కార్డులకు గ్యారంటీ ఉండదని, మీరే ఏదో తప్పుగా ఎక్కించి ఉంటారని అన్నారు. బిల్లు లేకపోవడం నా పొరపాటు, ఒప్పుకుంటాను. కానీ బిస్కట్ల పొట్లం మీద కూడా తయారీదారు పేరు, పరిమాణం, గరిష్ఠ ధర, నెల, సంవత్సరం ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నప్పుడు, పరిమాణమే సరుకైన మెమరీ కార్డును కవరు లేకుండా ట్రేలో పోసి ఎలా అమ్మగలుగుతున్నారు? సంతలో త్రాసులు తనిఖీ చేసే అధికారులు, ఇటువంటి దుకాణాల్లో పది కార్డులు తీసుకుని పైన చెప్పిన పరీక్ష చేయించడానికి పెద్ద ఖర్చేమీ కాదు. కొన్నవారు కూడా ఊరుకోకుండా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు ఇవ్వవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల మీద ఇచ్చే ఫిర్యాదులకు ఫీజు కూడా లేదు. రెండు వందల కోసం ఎవరు తిరుగుతారులే అన్న మన లెక్క మీదే ఆ ట్రే నడుస్తున్నది.

మీ పత్రిక సాంకేతిక శీర్షికలో కొత్త ఫోన్ల వివరాలు వారం వారం వస్తుంటాయి. ఒక వారమైనా వాటిని పక్కనపెట్టి, కార్డు సరిచూసుకోవడం, వరుస తప్పకుండా ఎక్కించడం, కట్ కాక కాపీ చేయడం బొమ్మలతో సహా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. అమ్మానాన్నల గొంతులు క్యాసెట్లలో దాచుకున్న ఇళ్లు ప్రతి ఊరిలో ఉన్నాయి, వాటిని ఎక్కించే పనిలో ఇప్పుడు చాలామంది ఉన్నారు.

మా క్యాసెట్లు పారేయలేదు గనుక పోయిన పదింటినీ మళ్లీ మొదలుపెట్టాను. ఎనిమిది దక్కాయి. రెండింటిలో టేపు మొదటిసారి మోగినప్పుడే చివరి ఊపిరి మీద ఉన్నట్లున్నది, ఈసారి టేపు రికార్డరు హెడ్డుకు అంటుకుని తెగిపోయింది. గుడి కోసం ఈ ఏడు 8 జీబీ కార్డును కవరుతో, బిల్లుతో కొన్నాను. 30 పాశురాలూ కలిపి 150 ఎంబీ కూడా లేవు. ముప్పయ్యోదాన్ని నిన్న చివరిదాకా విన్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
తెనాలి మండలం, గుంటూరు జిల్లా.