మొదట విన్నవారు ఏం చేయాలో కూడా రాయండి

సంపాదకుల వారికి,

నమస్కారం. మీ జిల్లా పేజీలో అత్యాచార వార్త లేని వారం అరుదైపోయింది. ఆ వార్తల్లో అమ్మాయిది ఏ ఊరు, ఏ తరగతి చదువుతోంది, తండ్రి ఏ పని చేస్తాడు, నిందితుడు వరసకు ఏమవుతాడు అన్న వివరాలు ఉంటాయి. అలాంటి కష్టం తమ ఇంటికే వస్తే ముందు ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి ఫోన్ చేయాలి, ఏం చేయకూడదు అన్నది మాత్రం ఎక్కడా ఉండదు. ఇరవై ఎనిమిదేళ్లు ప్రభుత్వ ఆసుపత్రి ప్రసూతి విభాగంలో స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. మొదటి వివరాలు తగ్గించి రెండోవి రాయాలని ఎందుకు అడుగుతున్నానో చెప్పడానికే ఈ ఉత్తరం.

కొన్నేళ్ల కిందట నేను రాత్రి డ్యూటీలో ఉండగా ఒక తల్లి తన పధ్నాలుగేళ్ల కూతురిని పట్టుకొని వార్డు గుమ్మంలో నిలబడింది. జరిగి అప్పటికి రెండు రోజులైంది. మొదట దగ్గరలోని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే, ఇది పోలీసు కేసు, మేం చూడం అని పంపేశారట. అంతకుముందే ఆ తల్లి కూతురికి తలంటు పోసి, ఒంటి మీది బట్టలు ఉతికి ఆరేసింది. మైల పోవాలని అలా చేశానని చెప్పింది. పరీక్షకు ఆ బట్టలు అవసరమని డాక్టరమ్మ అన్నప్పుడు, నా వైపు తిరిగి, "సిస్టరమ్మా, నేనే కేసు పాడు చేశానా?" అని అడిగింది. ఆమె చేసింది తల్లి మనసుతో చేసిన పని. చేయకూడదని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఆ ఇంటికి రోజూ పేపరు వస్తుందని తర్వాత మాటల్లో తెలిసింది.

ఆ తల్లికి తెలిసి ఉండాల్సిన విషయాలు పెద్ద చదువు అవసరమైనవి కావు. బట్టలు ఉతకకుండా, ఆరిన తర్వాత ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు సంచిలో పెట్టి తీసుకురావాలి. వీలైతే స్నానం చేయించకుండా తీసుకురావాలి, చేయించేసినా సరే ఆసుపత్రికి రావడం మాత్రం మానకూడదు. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుకావాలి, గర్భం రాకుండా వేసే మాత్ర కూడా ఎంత త్వరగా వేస్తే అంత మేలు. కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం పరీక్షకు ఆమె సమ్మతి, చిన్నపిల్ల అయితే సంరక్షకుల సమ్మతి తీసుకోవాలి, పరీక్ష వద్దన్నా చికిత్స ఆపకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా, వెంటనే చికిత్స చేసి, పోలీసులకు సమాచారం ఇవ్వాలని 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (నేర కేసుల దర్యాప్తు, విచారణ పద్ధతిని చెప్పే చట్టం) 397వ సెక్షన్ చెబుతోంది. పాత చట్టంలోనూ 2013 నుంచి ఇదే నియమం ఉంది. చికిత్స నిరాకరిస్తే ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు. ఆ తల్లిని వెనక్కి పంపిన ఆసుపత్రి వారికి ఈ సంగతి తెలియదంటే నేను నమ్మను, ఆమెకు తెలియదని మాత్రం వారికి బాగా తెలుసు.

ఇక అవగాహన సదస్సుల సంగతి. నేను కూడా పాఠశాలల్లో చాలా వాటికి వెళ్లాను. చీకటి పడ్డాక బయటికి వెళ్లవద్దు, కొత్తవారితో మాట్లాడవద్దు అని ఆడపిల్లలకు చెప్పి ముగించేవాళ్లం, నేనూ అలాగే చెప్పాను. కానీ జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ఇచ్చే నివేదికలు చూస్తే, అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవారే. బంధువులు, ఇరుగుపొరుగు, పెళ్లి చేసుకుంటానని మాట ఇచ్చినవారు. ఇంట్లోని మనిషి గురించి పిల్ల నోరు తెరిస్తే తల్లిదండ్రులు ఏం చేయాలన్నది ఆ సదస్సుల్లో వచ్చేది కాదు, సదస్సుకు తల్లిదండ్రులను పిలిచేవాళ్లమే కాదు. అందుకే అలాంటి మాట బయటపడగానే ముందు పెద్దమనుషులు కూర్చుంటారు. డబ్బు ఇప్పించడమో, వాడికే ఇచ్చి పెళ్లి చేయడమో అంటూ రాజీ మాటలు మొదలవుతాయి. పిల్లకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే, పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. రాజీ చేసుకోదగిన నేరం కాదది. పెద్దమనుషులకు ఈ మాట ఎవరు చెబుతారు?

పత్రికల బాధ్యత దగ్గరికి వస్తాను. 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై పోలీసులే అత్యాచారం చేశారని, అడ్డుపడిన భర్త వారి దెబ్బలకు చనిపోయాడని నగరమంతా అట్టుడికింది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ విచారణలో పోలీసుల తరఫువారు ఆమె నడవడిక మీదే ప్రశ్నలు సంధించారు. కమిషన్ పోలీసులను తప్పుపట్టినా, కేసు రాయచూరుకు బదిలీ అయి నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. ఇలాంటి ఘటనలపై దేశమంతా సాగిన ఆందోళన వల్ల 1983లో చట్టం మారింది. బాధితురాలి పేరు బయటపెట్టడం నేరమన్న నిబంధన కూడా ఆ సవరణతోనే వచ్చింది. చనిపోయినవారి పేరైనా ప్రచురించకూడదని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. సరిగ్గా ఏడాది తిరగకముందే, 2019 నవంబరులో శంషాబాద్ ఘటన జరిగినప్పుడు ఆ యువవైద్యురాలి పేరూ ఫొటోలూ ఊరూరా తిరిగిన తర్వాతే ఆమె 'దిశ' అయింది.

పేరు వేయడం లేదు కదా అని మీరు అనవచ్చు. కానీ పోక్సో చట్టం 23వ సెక్షన్ పేరు, ఫొటోతో పాటు కుటుంబ వివరాలు, బడి, నివాస ప్రాంతం కూడా వేయకూడదంటుంది. మూడు వందల గడపల ఊళ్లో 'ఫలానా బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఆటో డ్రైవర్ కూతురు' అని రాస్తే ఇక పేరు ఎందుకు? నా దగ్గరికి వచ్చిన ఆ పిల్ల మళ్లీ బడికి వెళ్లలేదని తర్వాత తెలిసింది. భయపడి కాదు, తోటి పిల్లలు పేపరు కత్తిరింపు చూపించారని. 'శీలం', 'మానభంగం', 'చిదిమేసిన పసిమొగ్గ' వంటి మాటలు కూడా మానేయమని వేడుకుంటున్నాను. నేరం చేసినది అతడైతే, పోయింది ఆమెది ఏదో అన్నట్టు చెప్పే మాటలవి. 'అత్యాచారం' అనండి, చేసినట్టు ఆరోపణ ఉన్నది ఎవరి మీదో చెప్పండి, చాలు.

ఆ స్థలంలో, ప్రతి అత్యాచార వార్త కింద, ఒక చిన్న పెట్టె వేయండి. మహిళలకు 181, పిల్లలకు 1098, అత్యవసరానికి 112. వైద్యం, పోలీసు, న్యాయ సహాయం, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒకేచోట ఇచ్చే సఖి కేంద్రం మీ జిల్లాలో ఎక్కడుందో చిరునామాతో సహా. ఘటన ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయించవచ్చని (దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు), వాంగ్మూలం మహిళా అధికారి తీసుకోవాలని, పరిహారానికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చని. ఆమెకు అంతకుముందు లైంగిక అనుభవం ఉందా అని యోనిలో వేళ్లు పెట్టి చూసే 'రెండు వేళ్ల పరీక్ష' చేయడాన్ని 2022లో సుప్రీంకోర్టు దుష్ప్రవర్తనగా పేర్కొందన్నది కూడా ఉండాలి, ఎందుకంటే ఆ భయంతోనే ఆసుపత్రికి రానివారిని నేను చూశాను. ఆ తర్వాత కేసు ఏమైందో కూడా రాయండి. పోలీసులు తమపై అత్యాచారం చేశారని 2007 ఆగస్టులో విశాఖ మన్యంలోని వాకపల్లి ఆదివాసీ మహిళలు పదకొండు మంది చేసిన ఫిర్యాదుపై తీర్పు 2023 ఏప్రిల్‌లో గానీ రాలేదు. దర్యాప్తు లోపాల వల్ల నిందితులు విడుదలయ్యారు, బాధితులకు పరిహారం ఇవ్వాలని కోర్టు చెప్పింది. మొదటి వారం పతాక శీర్షికల్లో ఉన్నవారు ఆ పదహారేళ్లు ఎలా గడిపారో చదివిన గుర్తు నాకు పెద్దగా లేదు.

పెట్టెలో ఏముండాలో మీకు సందేహం ఉంటే, ఇంకా ఉద్యోగంలో ఉన్న నా తోటి నర్సులతో, సఖి కేంద్రంలో పనిచేసేవారితో సరిచూయించి నేనే రాసి పంపుతాను. మీరు అడిగిన వారం లోపు అందజేయగలను.

ఇట్లు,
మీ పాఠకురాలు, విశ్రాంత స్టాఫ్ నర్సు