మంగళవారం ఆవిడ మళ్ళీ వస్తుంది

అంబాజీపేట,
ఆదివారం రాత్రి

బుజ్జమ్మా,

ఈ విషయం ఫోన్లో చెప్దామని మూడు రోజుల నుంచీ చూస్తున్నాను. నీ గొంతు వినగానే మాట మార్చేసి, అన్నం తిన్నావా అని అడిగి పెట్టేస్తున్నాను. అందుకే ఇవాళ షాపు కట్టేశాక షట్టరు సగం దించి, ఆర్డర్లు రాసుకునే పుస్తకంలోంచి కాగితాలు చింపి రాస్తున్నాను. అమ్మకి ఇంకా ఏమీ చెప్పలేదు.

మొహానికి రాసుకునే ఆ సీరం గురించి నువ్వు పెట్టిన వీడియో కింద జనం రాసినవన్నీ చదివాను. కళ్ళజోడు పెట్టుకుని రెండు రాత్రులు కూర్చుని చదివాను. నీ రంగు గురించి రాసినవాళ్ళున్నారు, మన గోదావరి యాసని వెక్కిరించినవాళ్ళున్నారు. ‘ఈ మొహానికి బ్యూటీ వీడియోలా’ అని ఒకడు రాశాడు. అక్కడ ఫోన్ పక్కన పెట్టేసి, బయటికి వచ్చి చాలాసేపు నిలబడ్డాను. వాళ్ళందరినీ బ్లాక్ చెయ్యి. మరీ హద్దు దాటినవి స్క్రీన్‌షాట్ తీసి ఉంచు, కంప్లెయింట్ ఇవ్వాల్సి వస్తే నీతోపాటు స్టేషన్‌కి నేనొస్తాను. వాళ్ళ గురించి ఇంతకంటే రాయను.

నేను రాయాలనుకున్నది ఇంకో కామెంట్ గురించి. ‘అక్కా, నెల రోజులుగా వాడుతున్నానన్నారు కదా, మొదటి రోజు ఫొటో ఉంటే ఫిల్టర్ లేకుండా పెట్టండి’ అని ఎవరో అమ్మాయి అడిగింది. అందులో తిట్టు లేదు, వెటకారం లేదు. శుక్రవారం సాయంత్రం చూశాను. రాత్రి మళ్ళీ చూస్తే లేదు. నువ్వే తీసేశావు. నీ మొహం గురించి వాగినవాళ్ళనీ, ఆ పిల్లనీ ఒకే గాటన కట్టేశావు.

తల్లీ, ఆ ప్రశ్నకి జవాబు నాకు తెలుసు. ఆ సీరం పార్సిల్ భోగి ముందు రోజు వచ్చింది. కొరియర్ కుర్రాడు ఇల్లు దొరక్క షాపులో ఇచ్చి వెళ్తే, సంతకం పెట్టి ఇంటికి తెచ్చింది నేనే. కనుమ నాడు పొద్దున్నే, నూతి దగ్గర వెలుతురు బాగుందని అమ్మ చేత ఫోన్ పట్టించి వీడియో తీసుకున్నావు. తీయబోయే ముందు సీసా మూతకున్న ప్లాస్టిక్ సీలు తుంపి నూతిగట్టు మీద పెట్టావు. గాలికి కింద పడితే తీసి బుట్టలో వేశాను. అప్పటిదాకా నువ్వా సీసా తెరవనేలేదు. వీడియోలో మాత్రం, నెల రోజులుగా వాడుతున్నాను, నా మచ్చలు సగం పోయాయి, మంగుకి కూడా ఏడు రోజుల్లో తేడా తెలుస్తుంది అన్నావు.

అక్కడే ఉండి విన్నాను. పండగ పూట పిల్లని ఏమంటాంలే అని ఊరుకున్నాను. ఆ రోజే చెప్పాల్సింది. అందులో తప్పు నాది కూడా.

మొన్న గురువారం, మన వీధి చివర ఇంటావిడ షాపుకి వచ్చింది. నీకు గుర్తుండే ఉంటుంది, నీ చిన్నప్పుడు ఎండాకాలం వస్తే తాటిముంజలు తెచ్చి పెట్టేది. దాళ్వా ఊడ్పులకి వెళ్ళి వెళ్ళి ఆవిడ మొహం కమిలిపోయింది. రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా మంగు ముదిరిపోయింది. కొంగు ముడి విప్పి, వందలూ యాభైలూ కలిపి ఆరు వందలు కౌంటర్ మీద పెట్టింది. చెమటకి మెత్తబడి నోట్లు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ‘అమ్మాయిగారు ఫోన్లో చెప్పారు కదండీ, ఆ మంగు మందు. మా పిల్ల చూపించిందండి’ అంది. అది మన దగ్గర ఉండదమ్మా, ఆన్‌లైన్లోనే దొరుకుతుంది అన్నాను. ‘అయితే మీరే తెప్పించి పెట్టండి బాబుగారూ. అమ్మాయిగారు చెప్పారంటే మీరు చెప్పినట్టే కదండీ’ అంది.

నాకు నోట మాట రాలేదు. డబ్బులు ఆవిడ చేతిలోనే పెట్టి, మంగళవారం రమ్మన్నాను.

నువ్వు వదిలేసి వెళ్ళిన అట్టపెట్టె ఇంట్లోనే ఉంటే తీసి చదివాను. లైసెన్సు నంబరుంది, బ్యాచ్ నంబరుంది, మచ్చలకి వాడే నియాసినమైడ్ 10 శాతం అని ఉంది. చెడ్డ సరుకు అని నేననను. కానీ చర్మం పైపొర ఒకసారి పూర్తిగా మారడానికే నీ వయసు వాళ్ళకి సుమారు నాలుగు వారాలు పడుతుంది. ఎంత మంచి మందైనా మచ్చ మీద పనిచేసిందో లేదో తేలాలంటే రెండు మూడు నెలలు చూడాలి. మంగు అయితే మరీ మొండిది. కడుపుతో ఉన్నప్పుడు వస్తుంది, పిల్లలు పుట్టకుండా వేసుకునే మాత్రలతో వస్తుంది, ఎండకి ముదురుతుంది. తగ్గిందనుకున్నాక నాలుగు రోజులు ఎండలో తిరిగితే మళ్ళీ తేలుతుంది. ఆవిడకి ముందు కావాల్సింది ఎండ నుంచి కాపు. ఎస్‌పీఎఫ్ 30 ఉన్న సన్‌స్క్రీన్ మొహాన్ని కాల్చే కిరణాల్లో 97 శాతం దాకా ఆపుతుంది, అదీ మందంగా పట్టించి, రెండు గంటలకోసారి మళ్ళీ రాసుకుంటే. మోచేతుల దాకా బురదలో ఉన్న మనిషి ఎలా రాసుకుంటుంది? ఆవిడకి తలగుడ్డ మొహం మీదకి లాగి కట్టుకోమని చెప్పాలి, డాక్టరుకి చూపించుకోమని చెప్పాలి. నీ వీడియోలో ఎండ అన్న మాటే లేదు. ఆవిడ తేబోయినది రెండు రోజుల కూలి, బుజ్జమ్మా.

నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. అప్పుడు నువ్వు నాలుగో తరగతి. స్టెరాయిడ్ పూతమందులు డాక్టరు చీటీ లేకుండా అమ్మినా అడిగేవాళ్ళు లేరప్పుడు. 2018లో కేంద్రం అలాంటివి పద్నాలుగు రకాలు షెడ్యూల్ హెచ్‌లో చేర్చి చీటీ తప్పనిసరి చేసింది, కానీ అది తర్వాతి మాట. నా దగ్గర ఒక క్రీము ఉండేది. పది ట్యూబులు తీసుకుంటే రెండు ఫ్రీ అని స్కీము. పెళ్ళి కుదిరిన ఒక పిల్ల వచ్చి, మొహం కాస్త తేటగా అవ్వాలండి, ఏదన్నా ఇవ్వండి అంటే అదే తీసి ఇచ్చాను. వారం తిరక్కుండా వచ్చి, చాలా బాగా పనిచేసిందండి అని ఇంకోటి పట్టుకెళ్ళింది. పనిచేసినట్టే కనిపిస్తుంది. స్టెరాయిడ్ రాస్తే చర్మం కింద రక్తనాళాలు బిగుసుకుంటాయి, రంగు తయారవడం తగ్గుతుంది, మొహం నిగనిగలాడుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. నెలల తరబడి రాయకూడదని కూడా తెలుసు. అయినా ఐదు నెలలు అమ్ముతూనే ఉన్నాను.

పెళ్ళికి ఇంకా రెండు నెలలుందనగా ఆ పిల్ల తల్లి షాపుకి వచ్చింది. అడుగు నుంచి చాపలా చుట్టుకుంటూ వచ్చి, ఆఖరి బొట్టు దాకా పిండేసిన ట్యూబు కౌంటర్ మీద పెట్టింది. ‘రాయడం మానేస్తే మంట, రాస్తే తగ్గుతుందండి. మీరే ఇచ్చారు కదండీ’ అంది. అరవలేదు, తిట్టలేదు. ఆ పిల్లని చూద్దునా, మొహమంతా ఎర్రగా కందిపోయి ఉంది. బుగ్గల మీద సన్నటి నరాలు గీతల్లా కనిపిస్తున్నాయి, గడ్డం దగ్గర నూగు మొలిచింది, మధ్యమధ్య పొక్కులు. మర్నాడు షాపు మూసేసి నేనే వాళ్ళని కాకినాడ స్కిన్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఇలాంటి మొహాలు రోజూ వస్తున్నాయి, దీనికి మేం స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్, అంటే స్టెరాయిడ్ వల్ల పాడైన మొహం, అని పేరే పెట్టుకున్నాం అన్నారాయన. తిరుగు బస్సులో ఆ పిల్ల కిటికీ పక్కన కూర్చుంది. యానాం దాటి ఎదుర్లంక వంతెన ఎక్కేసరికి గోదావరి గాలి గట్టిగా కొట్టింది. ఆ గాలికే మొహం మండి, చున్నీ కప్పుకుని తల వంచేసుకుంది. ఆ గాలి కోసమే మనం ఆ వంతెన మీద ఆగుతాం, గుర్తుందా? బాగవడానికి ఏడాది పైనే పట్టింది. ఆ మొహంతోనే పీటల మీద కూర్చుంది.

పదికి రెండు ఫ్రీ అన్న సంగతి ఆ పిల్లకి తెలియదు. దాని గురించి అడగాలని కూడా తెలియదు. నన్ను చూసి కొనుక్కుంది. నాకు ఆ స్కీము ఎలాగో, నీకు ఆ డిస్కౌంట్ కోడ్ అలాగ. చూసేవాళ్ళు ఆ కోడ్ కొట్టి కొంటే నీకు ఎంతో కొంత వస్తుందని నువ్వే చెప్పావు. రావడం తప్పనను. ఆ డబ్బుతోనే అమ్మకి పండగ చీర కొన్నావు, రాత్రుళ్ళు ఉద్యోగం నుంచి వచ్చాక కూర్చుని చేసుకుంటున్న పని ఇది, నాకు తెలుసు. కానీ వస్తుందన్న సంగతి వినేవాళ్ళకి తెలియాలి. కింద పదిహేను హ్యాష్‌ట్యాగుల మధ్య, ఇంగ్లీషులో, చీమ తలకాయంత కొలాబ్ అని పెట్టావు, కంపెనీతో కలిసి చేసిందని అర్థం వచ్చేలా. మాటలన్నీ మన గోదావరి తెలుగులో చెప్పి, అసలు మాట ఒక్కటీ ఇంగ్లీషులో దాచావు. ఊడ్పులకి వెళ్ళే మనిషికి అదేం అర్థమవుతుంది?

మొన్న రాత్రి దీని మీద రూల్స్ ఏమున్నాయో కూడా చదివాను. ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లోనే ఇన్‌ఫ్లుయెన్సర్లకి మార్గదర్శకాలు పెట్టింది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ ఇంకా స్పష్టంగా చెప్పింది. డబ్బు తీసుకున్నా, సరుకు ఊరికే వచ్చినా, ట్రిప్పు పంపినా, ఆ మాట చూసేవాళ్ళకి కనపడేలా చెప్పాలి. వీడియో అయితే వీడియోలోనే చెప్పాలి, హ్యాష్‌ట్యాగుల గుంపులో కలిపెయ్యకూడదు. ప్రచారం ఏ భాషలో చేస్తే ఆ మాట కూడా ఆ భాషలోనే ఉండాలి. స్వయంగా వాడి చూసిన వస్తువు గురించే చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటన అని తేలితే 10 లక్షల దాకా జరిమానా, ఏడాది దాకా ఇంకే ప్రచారం చెయ్యకుండా నిషేధం కూడా పెట్టొచ్చు, మళ్ళీ చేస్తే జరిమానా 50 లక్షల దాకా. నిన్ను బెదిరించడానికి రాయడం లేదు. నీకివన్నీ ఆ పార్సిల్ పంపినవాళ్ళు చెప్పి ఉండరని రాస్తున్నాను.

ఇంకోటి గుర్తొచ్చింది. 2023లోనే కదా, అమెరికాలో పేరున్న ఒకమ్మాయి మస్కారా వీడియో పెడితే, అవి అతికించుకున్న కనురెప్ప వెంట్రుకలంటూ జనం గోల చేశారు. ఆ వీడియో నాకు చూపించింది నువ్వే. వేలితో ఆపి, పెద్దది చేసి, ‘చూడండి నాన్నా, ఈ చివర రెప్పవెంట్రుకలు ముందు లేవు’ అని ఎంత కోపంగా చెప్పావో. అప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నే ఇప్పుడు ఆ అమ్మాయి నిన్ను అడిగింది. అప్పుడు నిన్ను చూసి మురిసిపోయాను. నా కూతురు కళ్ళు తెరుచుకుని చూస్తుంది అనుకున్నాను.

ఆ నైట్ క్రీము విషయం అమ్మ చెప్పింది. దాని మీద వీడియో చేస్తే పదిహేను వేలు ఇస్తామన్నారట, డబ్బా మీద తయారీదారు పేరు లేదట. దాని జోలికి వెళ్ళకు. కువైట్, మస్కట్ నుంచి వచ్చేవాళ్ళు అలాంటి డబ్బాలు బ్యాగుల్లో తేవడం నేను ఎన్నేళ్ళ నుంచో చూస్తున్నాను. కొన్నిట్లో పాదరసం ఉంటుంది. చర్మాన్ని తెల్లబరుస్తుంది, కిడ్నీలని తినేస్తుంది. 2023లో కేరళ మలప్పురం జిల్లాలో కిడ్నీ జబ్బుతో వచ్చినవాళ్ళని డాక్టర్లు ఆరా తీస్తే, తెల్లబడే క్రీములే బయటపడ్డాయి. మన దేశంలో క్రీముల్లో పాదరసం కలపడం నిషేధం, అందుకే డబ్బా మీద దాని పేరు ఎక్కడా ఉండదు. వాసన చూసి, రంగు చూసి నేను కూడా చెప్పలేను. పదిహేను వేలు కావాలంటే నేను పంపిస్తాను, అడుగు.

నువ్వు వీడియోలు మానెయ్యమని నేననడం లేదు. నువ్వు మాట్లాడితే వినబుద్ధవుతుంది. మన షాపులో కూర్చుని పెరిగిన పిల్లవి, డబ్బా తిప్పి వెనక ఏం రాసుందో చదవడం నీకు నేను నేర్పాను. అది చూపించు. ఆ వీడియో తీసేసి, ఇంకోటి చెయ్యి. సీసా కనుమ నాడు తెరిచాను, ఊరికే పంపారు, ఇంత డబ్బు ఇచ్చారు, కోడ్ వాడితే నాకు ఇంత వస్తుంది అని తెలుగులో చెప్పు. ఆ రోజు నుంచి వారానికో ఫొటో తీసి పెట్టు, ఒకే చోట, ఒకే వెలుతురులో, ఫిల్టర్ లేకుండా. మచ్చలు తగ్గకపోతే తగ్గలేదని చెప్పు. ఇంకా ఎక్కువమంది తిడతారేమో. ఆ కంపెనీ మళ్ళీ పిలవకపోవచ్చు కూడా. ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యి, ఎంతసేపైనా నీతోనే ఉంటాను. నువ్వు తీసేసిన ఆ ప్రశ్న అడిగిన అమ్మాయికి కూడా జవాబు రాయి.

అమ్మ పూతరేకులు కట్టి ఉంచింది, రేపు మీ బాబాయి హైదరాబాద్ వస్తున్నాడు, ఆయన చేతే ఉత్తరం కూడా పంపిస్తున్నాను. ఎల్లుండి మంగళవారం పొద్దున్నే తొమ్మిదింటికి షాపు తీస్తాను. ఆవిడ పొలానికి వెళ్ళే ముందే వస్తుంది. నేను మందు గురించి చెప్పాల్సింది చెప్తాను. నీ గురించి అడిగితే ఏం చెప్పమంటావో ఆలోపు నాకు ఫోన్ చేసి చెప్పు, తల్లీ.

నాన్న