తల గాయం స్వల్పమని తొందరపడి రాయకండి

సంపాదకులకు,

ప్రమాద వార్తల్లో ‘తలకు స్వల్ప గాయం, ప్రాణాపాయం లేదు’ అని ఆ పూటే తేల్చేయడం ఇకనైనా మానుకోవాలి. పుర్రె సాగదు. లోపల రక్తం గడ్డకట్టినా, మెదడు వాచినా మొదట మెదడు చుట్టూ ఉండే ద్రవం వెన్ను వైపు జారి కాస్త చోటిస్తుంది. ఆ వెసులుబాటు అయిపోయాక ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. పెద్దవారిలో మామూలుగా 15 మి.మీ. పాదరసం లోపు ఉండే ఈ ఒత్తిడి 22 దాటితే వైద్యులు దాన్ని దించే చికిత్సకు దిగుతారు. లేకుంటే మెదడుకు రక్తం సరిగా అందదు, అందక దెబ్బతిన్న మెదడు ఇంకా వాస్తుంది.

అందుకే కొందరు పడి లేచి, నీళ్లు తాగి, చక్కగా మాట్లాడి, కొన్ని గంటల తర్వాత స్పృహ తప్పుతారు. ‘అలసిపోయాడు, పడుకోనివ్వండి’ అనే జాలి ఇక్కడే కొంప ముంచుతుంది. తలనొప్పి పెరుగుతున్నా, పదేపదే వాంతులవుతున్నా, మాట తడబడినా, మత్తుగా ఉన్నా, ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదైనా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. రక్తపోటు పెరిగి నాడి నెమ్మదించే దాకా ఆగితే అప్పటికే బాగా ఆలస్యమైనట్టు.

బతికి బయటపడ్డవారిలోనూ కొందరిని మతిమరుపు, చిరాకు, మూర్ఛలు ఏళ్ల తరబడి వెంటాడతాయి. ఆ సంగతి ఏ పత్రికలోనూ పెద్దగా రాదు. మీ విలేకరులు కనీసం మరునాడైనా ఆసుపత్రిని వాకబు చేసి రాస్తే బాగుంటుంది.

- ఒక పాఠకురాలు