బియ్యం ఎసట్లో పోసేముందే ఆలోచించాలి

సంపాదక మహాశయులకు,

శ్రావణ ముహూర్తాలు మొదలైతే చాలు, రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం కల్యాణ మండపాల వెనక అన్నం గుట్టలు పడతాయి. మిగిలితే ఏ అనాథాశ్రమానికో ఫోన్ చేస్తే సరి అనుకుంటారు పెళ్లివారు. రాత్రి ఏడింటికి దించిన అన్నం పదకొండింటికి పంపితే పుణ్యం మాట అటుంచి, పిల్లలకు వాంతులు పట్టుకునే ప్రమాదముంది. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు. గుండిగలో అన్నం పైపైన ఆరినట్టున్నా నడిమధ్య గంటల తరబడి గోరువెచ్చగానే ఉంటుంది. అక్కడే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు.

పంచాలనుకున్నది 60 డిగ్రీల పైన వేడిగానైనా ఉండాలి, రెండంగుళాల మందాన ట్రేల్లో పరిచి త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లోనైనా పెట్టాలి. మన మండపాల్లో రెండోది అయ్యే పని కాదు. మొదటిదానికి మూత బిగిసే హాట్‌బాక్సులు, గుచ్చి చూసే థర్మామీటరు చాలు. దించగానే విడిగా తీసిందే ఇవ్వాలి, బఫే బల్ల మీదకు వెళ్లింది ఇవ్వకూడదు. డబ్బా మీద పదార్థం పేరు, శాకాహారమో మాంసాహారమో, వండిన సమయం రాయాలి. పులిహోరను చింతపండు పులుపు కొంత కాపాడుతుంది. పెరుగు, కొబ్బరి పచ్చడి జోలికి పోకపోవడమే మంచిది.

అయితే ఇదంతా మిగిలాక పడే పాటు. అసలు పొరపాటు పొయ్యి దగ్గర జరుగుతోంది. 500 మందని చెబితే, మాట పడాల్సివస్తుందని వంటమేస్త్రీ 600 మందికి వండుతాడు. బిర్యానీ, పులిహోర, రోటీ అన్నీ ఉన్నచోట తెల్లన్నం అంతగా పోదు. అయినా బియ్యం లెక్క బంతిభోజనాల నాటిదే! కిలో బియ్యానికి రెండున్నర నుంచి మూడు కిలోల అన్నమవుతుంది. పది కిలోలు ఎక్కువ పోస్తే పాతిక, ముప్పై కిలోలు కాలవ పాలు.

నాలుగో వంతు బియ్యం కడక్కుండా బస్తాలోనే ఉంచాలి. కడిగితే వెనక్కి పోదు. ఎసరు మాత్రం మరుగుతూ ఉండాలి. మొదటి గుండిగ సగానికి రాగానే జనాన్ని చూసి పోస్తే, నానని బియ్యమైనా అరగంటలో దిగుతుంది. గుండిగ అడుగు కనిపించేదాకా ఆగితే మాత్రం వడ్డన ఆగిపోతుంది, మేస్త్రీ భయం నిజమవుతుంది.

విస్తళ్లలో వదిలేసింది ఎరువుకే. మన నేలలో గొయ్యి తీస్తే వానాకాలం నీరూరి కుళ్లిపోతుంది కనుక ఇటుక అరుగు మీద కుప్ప వేయాలి. అన్నం ఒక్కటే వేస్తే ముద్దకట్టి, గాలాడక పులిసి కంపుకొడుతుంది. దాంతో సమానంగా ఊకో, కొబ్బరి పొట్టో కలపాలి. ఈ రెండింటికీ మనకు కొదవా!

ఆషాఢ, శ్రావణాలు వరదల కాలం కూడా. 1986 ఆగస్టులో, 2022 జూలైలో గోదావరి లంకలు మునిగితే అక్కడి కూరగాయలు, అరటి పోయాయి, ఊళ్లకు ఊళ్లు పొట్లాల మీద బతికాయి. హాట్‌బాక్సులు, థర్మామీటరు సిద్ధంగా ఉన్న మండపం ఆ రోజే పునరావాస వంటశాలగా పనికొస్తుంది. లైసెన్సు లేని చోట వంద మంది దాటిన కార్యక్రమం పెడితే మూడు పనిదినాల ముందే స్థానిక సంస్థకు చెప్పాలని, చెత్త వేరుచేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనల్లోనే రాశారు. మునిసిపాలిటీలు మండపాల లైసెన్సు రెన్యువల్‌కు ఈ సామానుతో పాటు ఒక పుస్తకం కూడా తప్పనిసరి చేయాలి: వచ్చిన జనం, పోసిన బియ్యం, మిగిలిన అన్నం. ఒక్క సీజను రాస్తే మాఘమాసానికి 500 మందికి ఎంత పోయాలో మేస్త్రీ చేతిలోనే ఉంటుంది.

— కేటరింగ్, ఆహార భద్రత పనుల్లో ఉన్న కొందరు పాఠకులు,
రాజమహేంద్రవరం