ఎవరి అంగుళం, ఎవరి తేదీ: మన కాలనీ చరిత్ర చర్చా విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో, ఈ ఏడాదంతా పాశ్చాత్య చరిత్ర మీదే కూర్చుందామని తీర్మానం చేసుకున్నాం. కాకతీయులూ కుతుబ్‌షాహీలూ ఉండగా నెపోలియన్ గొడవ మనకెందుకని అప్పుడు కొందరు గట్టిగానే అడిగారు. తీరా మొదలయ్యాక ఎక్కువ ప్రశ్నలు వేసింది కూడా వాళ్ళే. మినిట్స్ పుస్తకం చూస్తే తెలుస్తుంది.

లైబ్రరీ గది గుమ్మం పక్కన ప్రశ్నల డబ్బా పెట్టాం. నెలకో ఆదివారం సాయంత్రం కమ్యూనిటీ హాల్లో దాన్ని తెరిచి, చీటీలు చదివి, ముందుగా ఒప్పుకున్న సభ్యులొకరు మాట్లాడేలా ఏర్పాటు. పోటీ పరీక్షలకు చదివే పిల్లల నుంచి కొన్ని ప్రశ్నలు వచ్చాయి, వాట్సాప్ ఫార్వార్డుల పుణ్యమా అని ఇంకా ఎక్కువ వచ్చాయి. నిజమా అబద్ధమా అని ఒక్క ముక్కలో తేల్చమన్న ప్రశ్నలే చాలా. కానీ రసపట్టుగా సాగిన సాయంత్రాలన్నీ కొలత దగ్గర పేచీ వచ్చినవే. ఎవరి అంగుళం, ఎవరి మైలు, ఎవరి తేదీ అని అడిగేసరికి కథ మారిపోయేది.

డబ్బాలో అందరికంటే ముందు పడిన చీటీ నెపోలియన్ ఎత్తు గురించి. 1821లో సెయింట్ హెలెనా ద్వీపంలో ఆయన పోయాక రాసిన కొలత అయిదడుగుల రెండంగుళాలు. అయితే అవి ఫ్రెంచి అడుగులు, ఫ్రెంచి అంగుళాలు. ఇంగ్లీషు అంగుళం 2.54 సెంటీమీటర్లయితే పాత ఫ్రెంచి అంగుళం దాదాపు 2.7. ఆ లెక్కన కడితే 168 సెంటీమీటర్లు, అంటే మన లెక్కలో అయిదడుగుల ఆరంగుళాలు వస్తుంది. ఆ కాలపు ఫ్రెంచి మగవాళ్ళలో అది పొట్టి కింద లెక్క కాదు. లండన్‌లో జేమ్స్ గిల్‌రే గీసిన కార్టూన్లు ఆయన్ని బుడంకాయను చేసిపెట్టాయి. చుట్టూ నిలబడే గార్డు సైనికులు పొడుగరులు కావడం కూడా దానికి తోడైంది. ఆ రోజు హాలు గోడకు టేపు పెట్టి 168 దగ్గర పెన్సిల్ గీత గీశాం. పక్కన నిలబడి చూసుకున్న పెద్దమనుషుల్లో చాలామంది తలలు గీత కిందే ఉండిపోయాయి. ఈ మధ్య గోడలకు రంగులు వేసినప్పుడు ఆ గీతను వదిలేయమని మెయింటెనెన్స్ వాళ్ళకు చెప్పాం, వదిలేశారు.

తేదీల చర్చ మాత్రం ఒక్క ఆదివారంతో తెమల్లేదు. రష్యా అక్టోబరు విప్లవాన్ని నవంబరు 7న ఎందుకు జరుపుతారని ఇంటర్ చదివే అమ్మాయి అడిగింది. పాత జూలియన్ క్యాలెండర్లో ఏడాది పొడవు అసలు కంటే పదకొండు నిమిషాలు ఎక్కువ. శతాబ్దాలు గడిచేసరికి ఆ నిమిషాలు పోగుపడి రోజులయ్యాయి. 1582లో పోప్ గ్రెగొరీ సరిదిద్దించాడు. ఆ ఏడాది స్పెయిన్, పోర్చుగల్, ఇటలీలో అక్టోబరు 4 మర్నాడు అక్టోబరు 15 వచ్చింది. పోప్ మాట వినడం ఇష్టంలేని ఇంగ్లండ్ 1752 దాకా ఆగింది. అక్కడ సెప్టెంబరు 2 బుధవారం రాత్రి పడుకున్నవాళ్ళు సెప్టెంబరు 14 గురువారం నాడు లేచారు. రష్యా 1918 దాకా పాత లెక్కలోనే నడిచింది. అందుకే వాళ్ళ అక్టోబరు 25, మిగతా యూరప్‌కు నవంబరు 7 అయింది. రెండు పంచాంగాలు పండుగను రెండు రోజుల్లో పెడితే మనింట్లో జరిగే వాదన మొత్తం ఆ రోజు హాల్లో జరిగిపోయింది.

ఇక్కణ్ణుంచి పిల్లలు అల్లుకుపోయారు. షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23నే పోయారని క్విజ్ పుస్తకాల్లో ఉంటుంది. ఇంగ్లండ్ తేదీ పాత లెక్క, స్పెయిన్ తేదీ కొత్త లెక్క. కాబట్టి షేక్‌స్పియర్ పది రోజులు వెనకన్నమాట. పైగా సెర్వాంటెస్ పోయింది 22న, ఖననం చేసింది 23న అంటారు చాలామంది. గెలీలియో పోయిన ఏడే న్యూటన్ పుట్టాడన్నది ఇంకో ప్రసిద్ధమైన మాట. గెలీలియో చనిపోయింది కొత్త లెక్కలో 1642 జనవరి 8. న్యూటన్ పుట్టింది పాత లెక్కలో 1642 క్రిస్మస్ రోజున, కొత్త లెక్కలో 1643 జనవరి 4న. ఇద్దరికీ ఒకే క్యాలెండర్ వాడితే ఆ ముచ్చట నిలవదు. మా లెక్కల మాస్టారికి ఇది అస్సలు మింగుడుపడలేదు, ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పిన మాట మరి.

ఈ పేచీ మన తీరానికీ వచ్చింది. 1746లో ఫ్రెంచి సేనాని లా బూర్దొనే మద్రాసును పట్టుకున్న రోజు ఫ్రెంచివాళ్ళ కాగితాల్లో సెప్టెంబరు 21, ఇంగ్లీషువాళ్ళ కాగితాల్లో సెప్టెంబరు 10. కోట ఒకటే, లొంగిపోయిన రోజూ ఒకటే. చరిత్ర పుస్తకాల్లో రెండు తేదీలు కనబడితే అచ్చుతప్పు అనుకునే ముందు ఎవరి కాగితమో చూడమని పోటీ పరీక్షల పిల్లలకు గట్టిగా చెప్పాం.

కొలంబస్ వంతు వచ్చినప్పుడు, భూమి గుండ్రంగా ఉందని నిరూపించడానికే బయల్దేరాడు కదా అని చీటీ పడింది. చదువుకున్నవాళ్ళకు ఆ సంగతి గ్రీకుల కాలం నుంచే తెలుసు. క్రీస్తుకు రెండు శతాబ్దాలకు పైగా ముందే ఎరటోస్తనీస్ నీడలు కొలిచి భూమి చుట్టుకొలత లెక్కగట్టాడు. కొలంబస్‌తో పండితులు వాదులాడింది ఆకారం గురించి కాదు, దూరం గురించి. అల్ ఫర్ఘానీ అనే పాత ఖగోళ పండితుడు అరబ్బు మైళ్ళలో ఇచ్చిన లెక్కను ఈయన అంతకంటే చిన్నవైన రోమన్ మైళ్ళుగా తీసుకున్నాడు. దాంతో భూమి కుంచించుకుపోయింది. కెనరీ దీవుల నుంచి జపాన్‌కు అసలు దూరంలో నాలుగో వంతు మాత్రమే ఉందనుకున్నాడు. మధ్యలో అమెరికా ఖండం అడ్డం పడకపోతే నీళ్ళూ తిండీ అయిపోయి మనుషులంతా సముద్రంలోనే పోయేవాళ్ళు. 1492 అక్టోబరు 12న బహామాస్‌లో దిగాడు. 1506లో పోయేదాకా అది ఆసియానే అని పట్టుబట్టాడు. దిగిన చోట ఉన్న జనం సంగతేమిటని ఒక పెద్దావిడ అడిగారు. దాని మీద ఇంకో ఆదివారం నడిచింది. వచ్చే ఏడు కూడా నడవాలి.

మిగతావి త్వరగానే తేలాయి. రొట్టె లేకపోతే కేకు తినమని ఫ్రాన్సు రాణి మరీ ఆంట్వానెట్ అన్నట్టు ఆధారం లేదు. రూసో ఆత్మకథలో ఎవరో రాకుమారి అన్నదని రాసిన నాటికి ఈమె వియన్నాలో చిన్నపిల్ల. రోమ్ తగలబడిన క్రీ.శ. 64లో నీరో చేతిలో ఫిడేలు ఉండే వీలే లేదు, ఆ వాయిద్యం పుట్టడానికి ఇంకో పద్నాలుగు శతాబ్దాలు పట్టింది. బాస్టిల్ కోటలో 1789 జులై 14న దొరికిన ఖైదీలు ఏడుగురే. జనం వెళ్ళింది ముఖ్యంగా తుపాకిమందు కోసం. ఐన్‌స్టీన్ లెక్కల్లో ఫెయిల్ కాలేదు. 1895లో పదహారేళ్ళకే జ్యూరిక్ పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష రాసి, లెక్కల్లో కాదు, ఇతర సబ్జెక్టుల్లో తక్కువ తెచ్చుకున్నాడు. తర్వాత చదివిన స్విస్ స్కూల్లో 6 అంటే ఫస్టు, జర్మనీ పద్ధతిలో 1 ఫస్టు. ఇది కూడా కొలత తగాదానే. మార్కులు తక్కువొచ్చిన ప్రతి పిల్లాడి దగ్గరా ఐన్‌స్టీన్ పేరు ఎత్తకండని తల్లిదండ్రులకు మనవి.

ఈ ఏడాది బయటికి వెళ్ళిన కార్యక్రమం ఒక్కటే, రేమండ్ సమాధి. మలక్‌పేట దాటి గుట్టెక్కితే నల్లరాతి స్తంభం, దాని మీద జె.ఆర్. అనే అక్షరాలు, పక్కన గ్రీకు పద్ధతి స్తంభాల మంటపం. ఎండకు మంటపం నీడలోకి చేరి అక్కడే మాట్లాడుకున్నాం. ఫ్రాన్సులోని గాస్కనీలో పుట్టిన రేమండ్ నిజాం అలీఖాన్ కొలువులో చేరి గన్‌ఫౌండ్రీ పెట్టాడు, వేలమంది సిపాయిల దళాన్ని తయారు చేశాడు. ఆయన పేరే మూసారాంబాగ్‌లో మిగిలింది. 1798 మార్చిలో పోయాడు. ఆ ఏడాదే నెపోలియన్ ఈజిప్టులో దిగాడు. ఫ్రెంచివాళ్ళు ఇటూ వస్తారేమోనన్న టెన్షన్ ఇంగ్లీషు గవర్నర్ జనరల్ వెల్లెస్లీకి పట్టుకుంది. సెప్టెంబరులో నిజాంతో ఒప్పందం, అక్టోబరులో రేమండ్ దళం ఆయుధాలు దింపించడం, రెండూ చకచకా జరిగిపోయాయి. నెపోలియన్ మనకెందుకన్నవాళ్ళు ఆ మంటపంలో మా పక్కనే కూర్చుని విన్నారు.

అదే ఊపులో ఏడేళ్ళ యుద్ధం మీద ఒక సాయంత్రం పెట్టాం. యూరప్‌లో 1756 నుంచి 1763 దాకా జరిగిన ఆ యుద్ధంలో భాగంగానే 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడింది. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళలోనే చందుర్తి పేరు విననివారు ఉన్నారు.

ఇక డబ్బు సంగతులు. ఖర్చు ప్రధానంగా బస్సు అద్దె, టీలు, పుస్తకాలు, ప్రొజెక్టర్ రిపేరు. ప్రొజెక్టర్ ఒకే ఏడాదిలో రెండోసారి మొరాయించింది, బాగుచేసిన షాపు వాళ్ళు గ్యారంటీ ఒప్పుకోలేదు. ఆడిట్ అయిన లెక్కల షీటు కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడవచ్చు. లైబ్రరీ నుంచి పట్టుకెళ్ళిన ఫ్రెంచి విప్లవం పుస్తకాలు ఇంకా వెనక్కి రాలేదు. పేర్లు ఇక్కడ రాయడం లేదు, రిజిస్టర్లో ఉన్నాయి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం ప్రతిపాదన: ఫ్రెంచి విప్లవం నుంచి పుట్టిన మీటరు. డెలాంబ్ర్, మెషెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1792లో డంకర్క్ నుంచి బార్సిలోనా దాకా భూమిని కొలవడానికి బయల్దేరిన వైనం, పది రోజుల వారం పెట్టి 1806 మొదట్లో వదిలేసిన క్యాలెండర్, 1802లో మద్రాసు దగ్గర మన దేశపు సర్వే మొదలుపెట్టిన లాంబ్టన్. కొలంబస్ దిగిన దీవుల జనం గురించిన చర్చ దీనికి అదనం. ఆమోదానికి సర్వసభ్య సమావేశంలో చేతులెత్తమంటాం. మాట్లాడదలచినవారు ఆలోపే పేరివ్వండి. ఈసారి డబ్బా తాళంచెవి మహిళా విభాగం దగ్గర ఉంటుంది.

ఇట్లు,
కార్యదర్శి, చరిత్ర చర్చా విభాగం