మెరక చేను సంగతి

హార్పెండెన్, ఇంగ్లండ్
నవంబర్ 9

నాన్నగారికి,

నేను బాగానే ఉన్నాను. నిన్న మీరు మెరక చేను సంగతి చెప్పినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఫోన్‌లో మీకు ఎదురు చెప్పలేక రాస్తున్నాను.

కాలవ నీళ్ళు ఎక్కట్లేదు, మెరక తీయించాలన్నారు. సబబే. కానీ ఇటుక బట్టీ వాళ్ళు మూడడుగులు తవ్వుకుని ఎదురు డబ్బులిస్తామంటే మాత్రం అప్పుడే ఒప్పుకోకండి.

నేను పనిచేసే రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే పొలం ఉంది. 1843 నుంచి అందులో గోధుమ పండిస్తున్నారు. ఒక మడికి ఆనాటి నుంచి ఏ ఎరువూ వేయలేదు. ఎకరానికి 4 క్వింటాళ్ళకు అటూ ఇటూగా పండుతుంది. ఇంకో మడికి ఏటా ఎకరానికి 14 టన్నుల పశువుల ఎరువు తోలుతున్నారు. పోయిన వారం రెండింట్లోనూ 23 సెంటీమీటర్ల లోతు దాకా గొట్టం దింపి మట్టి తీశాను. చెకుముకి రాళ్ళు తగిలి చేతులు బొబ్బలెక్కాయి. పశువుల ఎరువు మడిలో మట్టి నల్లగా, గుల్లగా ఉంది. రెండు మళ్ళ నుంచీ ఎండిన గడ్డ ఒక్కొక్కటి నీళ్ళ గ్లాసుల్లో వేశాను. ఎరువు లేనిది చూస్తుండగానే విడిపోయి అడుగున బురదైంది. రెండోది నేను భోంచేసి వచ్చినా చాలా వరకు గడ్డగానే ఉంది. దాన్ని పట్టి ఉంచింది చివికిన పేడ, వేర్లు, కంటికి కనపడని జీవుల జిగురు. ఆ మడిలో సేంద్రియ కర్బనం, అంటే చివికిన పేడ, వేర్ల నుంచి మట్టిలో చేరే కార్బన్, ఎరువు లేని మడిలో కంటే రెండింతలకు మించి ఉంది. అంత పెరగడానికి వందేళ్ళ పైనే పట్టింది నాన్నా.

మన చేలో ఆ సత్తువంతా పై అడుగులోనే ఉంది. తాతయ్య బండ్లకెత్తి తోలిన పెంట, మీరు చల్లి కలియదున్నిన జీలుగ, అన్నీ అక్కడే. అది బట్టీలో కాలిపోతే ఎన్ని యూరియా బస్తాలు పోసినా తిరిగి రాదు.

మెరక తీయించాల్సిందే అయితే, పై అడుగు మట్టి ముందుగా జేసీబీతో గీయించి గట్టు వారగా పోయించండి. కింద మట్టి వాళ్ళని తవ్వుకోనిచ్చి, పై మట్టి మళ్ళీ పరిపించండి. నేల ఆరాకే చేయించండి, తడి మీద బండి తిరిగితే బిగుసుకుపోతుంది. జేసీబీ ఖర్చు నేను పంపుతాను.

ఈలోగా చేలో రెండడుగుల గుంట తీసి, పైనుంచి ఒక గడ్డ, అడుగు నుంచి ఒక గడ్డ తెచ్చి ఆరబెట్టండి. గాజు గ్లాసుల్లో నీళ్ళు పోసి వేయండి. అమ్మని కూడా పక్కన కూర్చోమనండి. ఏది ముందు విడిపోయిందో ఆదివారం ఫోన్‌లో చెబుదురు గాని. అందాకా బట్టీ వాళ్ళ దగ్గర అడ్వాన్సు తీసుకోకండి.

మీ అమ్మాయి